గవాచి

"ఏం నాయినా, ఇంత పెద్ద ఇంటికి గవాచి పెట్టల్యా?"

2016 ఆగస్టులో బ్రాంప్టన్‌లోని మా ఇంటికి వచ్చిన నాలుగో రోజు మా అమ్మ అడిగిన ప్రశ్న ఇది. ఇల్లంతా తిరిగి చూసింది. గ్యారేజీ చూసింది, బేస్‌మెంటు చూసింది, బట్టలు ఆరబెట్టే మిషను చూసి "ఎండ ఉండంగా ఇదెందుకు" అంది. చివరికి హాలుకీ వంటింటికీ మధ్య, మెట్ల కింద నిలబడి పైకప్పు వైపు చూస్తూ ఈ మాటంది. అప్పుడు పగలు పన్నెండు గంటలు. ఆ చోట దీపం వేస్తేగానీ చెప్పులు కనపడవు.

గవాచి అంటే ఏమిటో రాయలసీమ వాళ్లకు చెప్పక్కర్లేదు. మిగతావాళ్లకు చెబుతాను, కాస్త ఆగండి. ముందు మా ఇల్లు ఎందుకంత చీకటో చెప్పాలి.

ఈ ఇల్లు కొన్నప్పుడు మేం అడిగిన మొదటి ప్రశ్న, తెలుగువాళ్లందరూ అడిగేదే: ఏ ముఖం? తూర్పు ముఖం అన్నారు. ఇంకేం, సంతకాలు పెట్టేశాం. కాపురం పెట్టాక తెలిసింది, మా ఇంటికి ముఖం మాత్రమే తూర్పు, కడుపంతా చీకటి. ఇది సెమీ డిటాచ్‌డ్ ఇల్లు, అంటే రెండిళ్లు ఒకే గోడకు అటూ ఇటూ అంటుకుని ఉంటాయి. ఉత్తరం గోడ పక్కింటివాళ్లతో ఉమ్మడి, అటువైపు కిటికీ ప్రశ్నే లేదు. దక్షిణం వైపు సందు, సందుకు అవతల ఇంకో ఇల్లు. ఒంటారియో బిల్డింగ్ కోడ్ ప్రకారం గోడ స్థలం హద్దుకు 1.2 మీటర్ల లోపు ఉంటే దానికి మామూలు కిటికీలు పెట్టకూడదు. ఒకింట్లో మంటలు లేస్తే కిటికీలోంచి పక్కింటికి పాకకుండా ఆ నియమం. నియమం మంచిదే. కానీ బిల్డర్లు స్థలం వృథా కాకుండా హద్దు దగ్గరికే గోడ లేపుతారు కాబట్టి, ఈ చుట్టుపక్కల ఊళ్లలో వేలాది ఇళ్లు సొరంగాల్లా ముందూ వెనకా మాత్రమే తెరుచుకుని ఉంటాయి. వెలుగు ముందు గదిలో కాసేపు, వెనక వంటింట్లో కాసేపు. మధ్యలో ఉన్న మెట్లకు ఏడాది పొడవునా అమావాస్యే.

మాకిది పెద్ద కష్టంగా అనిపించలేదు. పొద్దున్నే ఆఫీసుకు పోయి, చీకటిపడ్డాక వచ్చేవాళ్లం. లైటు వేస్తే సరిపోయేది.

అమ్మకు సరిపోలేదు. మేం లైటు వేసి వెళితే ఆమె వచ్చి ఆర్పేది. కరెంటు బిల్లు గురించి అనుకుని "నువ్వు దాని గురించి పట్టించుకోవద్దు మా" అన్నాను. "బిల్లు కాదురా, పట్టపగలు దీపం పెట్టుకుని బతికేదేంది?" అంది. పగలు దీపం పెట్టడం అంటే ఆమెకు ఇంట్లో ఎవరికో బాగాలేనట్టు. అందుకని చీకట్లో కూర్చునేది. పొద్దున ఎండ ముందు గదిలో పడితే కుర్చీ అక్కడ వేసుకునేది. మధ్యాహ్నం కుర్చీ వెనకకు మోసుకెళ్లేది. మధ్యలో రెండు మూడు గంటలు ఏ ఎండా లేనప్పుడు మెట్ల దగ్గర ఊరికే నిలబడేది. నేనీ సంగతి ఒకరోజు ఇంటినుంచి పనిచేస్తున్నప్పుడు గమనించాను. కుర్చీ కాళ్లు ఈడ్చిన గీతలు నేలమీద ముందు గది నుంచి వంటింటి దాకా ఉన్నాయి.

అక్టోబరు వచ్చేసరికి నిద్ర పట్టడం లేదంది. రాత్రి రెండింటికి లేచి కూర్చునేది, పగలు కునుకు తీసేది. నాన్న పోయి అప్పటికి ఏడాదిన్నర. ఊళ్లో ఒక్కతే ఉంటుందని, సూపర్ వీసా మీద పట్టుబట్టి తీసుకొచ్చాను. 2011 డిసెంబరులో మొదలైన ఈ వీసాతో అప్పట్లో తల్లిదండ్రులు ఒకసారి వస్తే రెండేళ్ల దాకా ఉండగలిగేవాళ్లు. రెండేళ్లు ఉంచుకుందామని నా లెక్క. ఆమె ఒక సాయంత్రం నెమ్మదిగా, "టికెట్టు ముందుకు మార్చేకి అవుతుందా?" అని అడిగింది. ఎందుకని అడిగితే కారణం చెప్పలేదు. "ఊరికే" అంది.

డాక్టరు అన్నీ చూసి, పొద్దున పూట బయట నడిపించమన్నాడు. చలికాలం దిగులు అనేదొకటి ఉంది. దానికి సీజనల్ అఫెక్టివ్ డిజార్డర్ అని 1984లో నార్మన్ రోసెంథాల్ బృందం పేరు పెట్టింది. పగటి వెలుగు తగ్గితే కొందరికి నిద్ర, ఆకలి, ఉత్సాహం అన్నీ గతి తప్పుతాయి. దానికి పదివేల లక్స్ దీపం ముందు పొద్దున అరగంట కూర్చోవడం ఒక చికిత్స. మా అమ్మకున్నది అదేనని డాక్టరు అనలేదు, నేనూ అనను. అయినా ఒక దీపం కొనుక్కొచ్చాను. రెండ్రోజులు కూర్చుంది. మూడోరోజు చూస్తే దాన్ని దేవుడి పటాల ముందు పెట్టింది. "చానా తెల్లగా ఉండాది, స్వామికి బాగుంటుంది" అంది.

ఇంజనీరింగు చదివినవాడికి దిగులొస్తే ఏం చేస్తాడు? కొలతలు తీస్తాడు. ఫోనులో లక్స్ మీటరు వేసుకుని ఇల్లంతా తిరిగాను. మంచి ఎండలో బయట లక్ష లక్స్ ఉంటుంది. మబ్బు పట్టినా పదివేలు ఉంటుంది. మా మెట్ల కింద మధ్యాహ్నం దీపాలార్పి చూస్తే ముప్పై, దీపాలన్నీ వేస్తే నూట నలభై. మబ్బురోజు ఆకాశంలో యాభయ్యో వంతు కూడా మేం కొనుక్కున్న బల్బులన్నీ కలిసి ఇవ్వలేకపోతున్నాయి. మన కన్ను ఎంత వెలుగుకైనా సర్దుకుపోతుంది కాబట్టి ఈ తేడా మనకు తెలియదు. అమ్మ కన్ను అరవై ఏడేళ్లు తాడిపత్రి ఎండకు అలవాటుపడింది. అది సర్దుకోనంది.

ఇప్పుడు గవాచి సంగతి.

తాడిపత్రి దగ్గర మా పల్లెలో మాది మట్టి మిద్దె. దూలాల మీద దంతెలు, దంతెల మీద కట్టెలు, ఆపైన మట్టి, అన్నిటికన్నా పైన చౌడు. గోడలు రెండడుగుల మందం, కిటికీలు చిన్నవి, ఎందుకంటే మా ఊళ్లో ఎండను లోపలికి పిలవడం కాదు, బయట నిలబెట్టడం కావాలి. మరి లోపల వెలుగెట్లా? పొయ్యి పొగ పోయేదెట్లా? అందుకు మిద్దెకు ఒక కన్నం. అదే గవాచి. సంస్కృతంలో గవాక్షం, ఆవు కన్ను. మా ఆవిడది తూర్పు గోదావరి. వాళ్లకు పెంకుటిళ్లు కాబట్టి పెంకుల మధ్యలో ఒక అద్దం పెంకు పెట్టేవాళ్లట. డబ్బున్నవాళ్లైతే మండువా లోగిలి కట్టి ఇంటి నడిమధ్య ఆకాశాన్నే పెట్టుకునేవాళ్లు. "మీది కన్నం, మాది అద్దం" అని ఆమె ఇప్పటికీ దెప్పుతుంది.

మా గవాచిలోంచి వచ్చిన ఎండ నేలమీద పళ్లెమంత గుండ్రంగా పడేది. అది పొద్దుతోపాటు కదిలేది. మా అవ్వకు గడియారం చూడటం రాదు. ఎండ రోటి దగ్గరికి వస్తే అన్నం దించాలి, గాదె మొదట్లోకి వస్తే బర్రెకు నీళ్లు పెట్టాలి. నిలువునా దిగే ఆ ఎండలో పొగా దుమ్మూ సుళ్లు తిరుగుతుంటే పట్టుకోవాలని గుప్పిళ్లు మూసేవాణ్ని. వాన మొదలైతే నిచ్చెనెక్కి పరుగెత్తి, గవాచి మీద పగిలిన బాన బోర్లించడం నా ఉద్యోగం. "గవాచి మూసినావా?" అన్న కేక వినపడిందంటే, అన్నం ముందు కూర్చున్నా లేచి పోవాల్సిందే.

2004లో ఆ మిద్దె పడగొట్టి స్లాబు వేశాం. ఊరంతా అదే చేసింది. స్లాబు కురవదు, ఏటా చౌడు పోయక్కర్లేదు. గవాచి పెట్టాలని ఎవరికీ గుర్తు రాలేదు. ట్యూబులైటు ఉంది కదా.

పైకప్పుకు కన్నం పెట్టి వెలుగు తెచ్చుకోవడం మా సీమవాళ్లే కనిపెట్టిందని నేను డబ్బా కొట్టుకోను. రోములో పాంథియన్ గోపురం నడినెత్తిన దాదాపు పందొమ్మిది వందల ఏళ్లుగా ఒక పెద్ద కన్నం తెరిచే ఉంది, దానికి అద్దం లేదు. వాన లోపలే పడుతుంది, నేలలో ఉన్న చిన్న రంధ్రాల్లోంచి నీళ్లు పోతాయి. బ్రెజిల్‌లో ఆల్ఫ్రెడో మోజర్ అనే మెకానిక్ 2002లో ప్లాస్టిక్ సీసాలో నీళ్లూ కాస్త బ్లీచూ పోసి రేకు కప్పులో దిగేశాడు. ఎండ ఆ నీళ్లలో వంగి గదంతా పరుచుకుంటుంది. ఆ ఉపాయం తర్వాత ఎన్నో దేశాల పేదవాడలకు పాకింది. చలిదేశాలకు మాత్రం కన్నమూ చాలదు, సీసా చాలదు. వెలుగు రావాలి, వెచ్చదనం పోకూడదు. అక్కడే ఖర్చంతా.

విచారిస్తే రెండు దారులు కనిపించాయి. ఒకటి సన్ టనెల్. పైకప్పు మీద చిన్న గోళం, లోపల అద్దంలా మెరిసే గొట్టం, కింద గదిలో ఒక గుండ్రటి మూత. చవక, త్వరగా అయిపోతుంది. కానీ అందులోంచి ఆకాశం కనపడదు, చూసినవాళ్లు ఇంకో బల్బు అనుకుంటారు. అమ్మ లేచి స్విచ్చు వెతుకుతుందని నాకు అనుమానం. రెండోది అసలైన స్కైలైట్. ఈ వ్యాపారంలో పాతకాపు వెలక్స్, 1941లో డెన్మార్కులో విల్లుమ్ కాన్ రాస్ముసెన్ మొదలుపెట్టింది. వెంటిలేషన్‌లోని "వె", వెలుగుకు లాటిన్ మాట "లక్స్" కలిపి ఆ పేరు. పొగకూ వెలుగుకూ కలిపి ఒకే కన్నం! మా అవ్వ వింటే "దీనికి డెన్మార్కు దాకా పోవల్లా?" అనేది.

పని చేయడానికి వచ్చినాయన పోర్చుగీసు పెద్దాయన. టొరంటోలో సగం ఇళ్లకు తన ఊరివాళ్లే కప్పులేశారని గర్వం. అటకెక్కి చూసి దిగొచ్చి, "మీది ట్రస్ రూఫ్. ట్రస్ ముట్టుకోను" అన్నాడు. ట్రస్ అంటే కప్పు బరువంతా మోసే చెక్క త్రికోణాల వరుస. ఒక్క కర్ర కోసినా బరువు ఎటు పోతుందో తెలియదు. కోయాలంటే ఇంజనీరు డ్రాయింగు కావాలి, నగరం పర్మిట్టు కావాలి. ట్రస్‌కూ ట్రస్‌కూ మధ్య రెండడుగులు. ఆ సందులో పట్టేలా ఇరవైరెండున్నర అంగుళాల వెడల్పు స్కైలైట్లు తయారుగా దొరుకుతాయి. అవి పెడితే ఏదీ కోయక్కర్లేదు. దక్షిణం వాలులో, మెట్లకు సరిగ్గా పైన చోటు కుదిరింది.

పైన అద్దం ఒక్కటి పెడితే పని కాదు. కప్పుకూ పైఅంతస్తు సీలింగుకూ మధ్య అటక ఉంటుంది, దాంట్లోంచి వెలుగు దిగడానికి నాలుగు గోడల బావి కట్టాలి. ఆ బావిని కింద వెడల్పు చేస్తూ రావాలి, గరాటు బోర్లించినట్టు. నిలువుగా కడితే వెలుగు ఒక చతురస్రంగా పడి ఆగిపోతుంది, వెడల్పు చేస్తే గోడలు తాకి పరుచుకుంటుంది. బావి గోడలకు అటకవైపు దట్టంగా ఇన్సులేషన్ చుట్టాలి. కప్పు మీద అద్దం చుట్టూ మంచు కరిగిన నీళ్లు దూరకుండా అంటుకునే పొర, దానిపైన రేకు మడతలు. అన్నీ కలిపి నాలుగువేల డాలర్లు దాటింది. మా ఆవిడ మారు మాట్లాడలేదు. "అత్తయ్య టికెట్టు మార్చకుండా ఉంటే చాలు" అంది.

నవంబరు 8న వస్తానన్నాడు. ఆ రోజు మంగళవారం. ఇంటి కప్పుకు రంపం పెట్టే పని మంగళవారమా అని అమ్మ ససేమిరా అంది. పెద్దాయనకు ఫోన్ చేసి ఎలా చెప్పాలో తెలియక, "మా అమ్మ వద్దంటోంది" అని ఉన్నమాటే చెప్పాను. ఆయన నవ్వి, తన తల్లి కూడా శుక్రవారం ఏ పనీ మొదలుపెట్టనిచ్చేది కాదని చెప్పి బుధవారం వచ్చాడు. ఆ ఒక్కరోజులో ఇండియాలో పెద్దనోట్లు రద్దయ్యాయి, అమెరికాలో ట్రంప్ గెలిచాడు. అమ్మ పెట్టె అడుగున చీర మడతలో దాచుకున్న ఐదువందల నోట్లు ఆరు బయటపడ్డాయి. లోకమంతా తలకిందులవుతుంటే మేం ముగ్గురం మెట్ల కింద నిలబడి పైకి చూస్తున్నాం.

రంపం ఆగింది. చెక్క ముక్క పక్కకు జరిగింది. పైన ఆకాశం. చలిగాలి ఒక్కసారిగా మెట్లమీదుగా దిగింది. మంకీ టోపీ, శాలువా కప్పుకున్న మా అమ్మ తల వెనక్కి వంచి చాలాసేపు చూసింది. "అద్దో, గవాచి" అంది, మా అబ్బాయితో.

ఇక్కడితో కథ సుఖాంతం అని రాసెయ్యొచ్చు. కానీ డిసెంబరు వచ్చింది.

అమ్మ ఎదురుచూసింది ఎండ ముక్క కోసం. అది కిందికి దిగలేదు. పైన బావి గోడకే, ఉత్తరం వైపు, పచ్చగా అంటుకుని, కాసేపు జరిగి మాయమయ్యేది. "ఏం నాయినా, పొద్దు ఆడనే నిలబడిపాయ?" అంది. కాగితం తీసి లెక్క వేశాను. డిసెంబరు 21 మధ్యాహ్నం మా బ్రాంప్టన్‌లో సూర్యుడు 23 డిగ్రీల ఎత్తుకు మించి లేవడు. అదే రోజు తాడిపత్రిలో 52 డిగ్రీలు. అంత పల్లంగా వచ్చే కిరణం నాలుగడుగులు దిగేలోపే ఎదుటి గోడకు కొట్టుకుంటుంది. పగలే దాదాపు తొమ్మిది గంటలు, ఐదు కాకుండానే చీకటి. ఎండ అవసరమైన నెలలోనే నా నాలుగువేల డాలర్ల కన్నంలోంచి ఎండ రాదు. ఈ లెక్క కొనకముందే వేసి ఉండాల్సింది. వేయలేదు.

అయితే వెలుగొచ్చింది. మెట్ల కింద ముప్పై ఉన్న లక్స్ మబ్బురోజున కూడా మూడువందలు దాటింది. అమ్మ ఇక దీపం ఆర్పే పని లేకపోయింది, ఎందుకంటే మేమే వేయడం మానేశాం. కుర్చీ మోయడం ఆగింది. కింది మెట్టు మీద చాప ముక్క వేసుకుని అక్కడే కూర్చుని గోంగూర తుంచేది, చేటలో కందిపప్పు చెరిగేది. మంచు బాగా పడిన పొద్దున అద్దం కప్పుకుపోయి ఇల్లు మళ్లీ గుహ అయ్యేది. పదింటికి మంచు జారి ఒక్కసారిగా వెలుగు పడేది. "తెరిచినారు" అనేది, పైనెవరో మూత తీసినట్టు.

సంక్రాంతి రాత్రి ఇంకో ముచ్చట. బయట మైనస్ ఇరవై. అర్ధరాత్రి మెట్లమీద టప్, టప్ అని చప్పుడు. అమ్మ గదిలోంచి కేక: "గవాచి మూసినావా?" నిద్రమత్తులో నేను మంచం దిగి నాలుగడుగులు పరుగెత్తాను. ఇరవైఐదేళ్ల తర్వాత కూడా కాళ్లకు గుర్తుంది. మెట్ల దగ్గరికి వచ్చాక తెలివొచ్చింది, ఇక్కడ మూయడానికి బాన లేదు, నిచ్చెనా లేదు.

లీకే అనుకున్నాను. పొద్దున్నే పెద్దాయనకు ఫోన్ చేసి కాస్త గట్టిగానే మాట్లాడాను. ఆయన అంతా విని, "నిన్న ఏం వండారు?" అని అడిగాడు. పొద్దుటినుంచి రాత్రిదాకా అరిసెలు, పొంగలి, పప్పు, పదిహేను కుక్కర్ కూతలు. ఫ్యాను రొద చేస్తుందని వేయలేదు. ఇంట్లో 21 డిగ్రీల వేడి, 40 శాతం తేమ ఉంటే, 7 డిగ్రీల కన్నా చల్లబడిన ఏ చోటైనా నీళ్లు పడతాయి. వండే రోజు తేమ ఇంకా ఎక్కువ. ఆవిరి పైకి పోతుంది, ఇంట్లో అన్నిటికన్నా ఎత్తున ఉన్నదీ, చల్లగా ఉన్నదీ ఆ అద్దం అంచులే. అంటే కారింది కప్పు కాదు, మా పప్పు. ఆయన లోపలికి దిగిన నవ్వును దాచుకుంటూ, వంటప్పుడు ఫ్యాను వేయమని, గడ్డచలిలో తేమ 30 దగ్గర ఉంచమని చెప్పాడు. నేను క్షమాపణ చెప్పాను. అమ్మకు విషయం చెబితే అసలు ఆశ్చర్యపోలేదు. "గవాచి ఉండేదే పొగ పోయేకి గదా, మీరు అద్దం పెట్టి మూస్తిరి" అంది.

మీలో ఎవరైనా ఇలా చేయించాలనుకుంటే నేను ఆలస్యంగా నేర్చుకున్నవి ఇవి: ట్రస్‌ల మధ్య పట్టేదే ఎంచుకోండి, బావిని కింద వెడల్పు చేయించండి, చలి ముదరక ముందే చేయించండి, వంటింటి ఫ్యాను బాగు చేయించండి. అన్నిటికన్నా ముందు, డిసెంబరులో సూర్యుడు ఎక్కడుంటాడో కాగితం మీద గీసి చూసుకోండి.

అమ్మకు నిద్ర పట్టిందా? ఫిబ్రవరికల్లా పట్టింది. అది కన్నం మహిమో, పగలు పెరగడమో, మనవడితో రోజూ బడిదాకా నడవడమో చెప్పలేను. టికెట్టు మాట మళ్లీ ఎత్తలేదన్నది మాత్రం నిజం. ఉగాదినాటికి ఎండ బావి దాటి గోడమీదికి దిగింది. పచ్చడి గిన్నె చేతిలో పట్టుకుని ఆ ముక్కను చూపించింది నాకు. "వస్తాండాది" అంది.

ఏప్రిల్ మధ్యలో నాన్న సంవత్సరీకానికని ఊరికి బయల్దేరింది. వద్దనడానికి వీల్లేని ప్రయాణం. మే చివర్లో ఒక శనివారం, నేను మెట్లు దిగుతుంటే పాదం వెచ్చగా తగిలింది. చూస్తే ఎండ. గోడమీంచి దిగి మెట్టుమీద పడింది. మా మెట్లు పడమటినుంచి తూర్పుకు దిగుతాయి, ఎండ ముక్క కూడా అలాగే జరుగుతుంది. పదకొండింటికి పై మెట్లమీద, ఒంటిగంటా ఇరవైకి, అంటే ఇక్కడి అసలైన మధ్యాహ్నానికి, నడి మెట్లమీద, మూడింటికి ఇంకా కింద. పెద్దమనిషి ఒకరు మోకాళ్ల నొప్పితో నెమ్మదిగా దిగుతున్నట్టు. ఎవరి కోసం తెప్పించానో ఆమె వెళ్లిన నెలకు దిగింది.

ఆ రోజే ఫోన్ చేసి చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత అంది, "ఈ స్లాబింట్లో నాకేం తెలుస్తల్యా రా, పొద్దెక్కిందీ దిగిందీ. ట్యూబులైటు ఎప్పుడూ ఒకటే తీరు."

సెప్టెంబరులో మళ్లీ వస్తానంది. ఈలోగా ప్రతి శనివారం ఫోను చేస్తుంది. అన్నం తిన్నారా అనడిగాక, పిల్లోడు బాగున్నాడా అనడిగాక, మూడో ప్రశ్న ఒకటుంది.

"పొద్దు ఎన్నో మెట్టు మింద ఉండాది?"

నేను లేచి వెళ్లి చూసి చెబుతాను.